కొత్త ఇంటి చెక్క పనికి ప్లైవుడ్ ఎంపిక: ఏ గదికి ఏ షీటు?

హంద్రీ గట్టు (కర్నూలు)

అందరికీ నమస్కారం. కర్నూలులో నంద్యాల చెక్‌పోస్టు వైపు కట్టుకుంటున్న మా ఇల్లు పూర్తికావచ్చింది. గచ్చు, రంగులు అయిపోయాయి, ఇక మిగిలింది చెక్క పని. వంటగదిలో పదకొండు అడుగుల గట్టు కింద అరలు, రెండు పడకగదుల్లో ఏడడుగుల ఎత్తు గోడ అల్మారాలు, పిల్లలకు చదువుకొనే బల్ల, ముందు గదిలో ఒక పుస్తకాల అర చేయించాలి.

మూడు దుకాణాలు తిరిగాను. ఒకాయన నీళ్లను ఎక్కువగా తట్టుకొనే మెరైన్ ప్లైవుడ్ తప్ప మరొకటి ఇంట్లోకి రానివ్వవద్దన్నారు. రెండో ఆయన మన ఎండలకు ఎం.ఆర్. (గాలిలోని తేమను ఓర్చుకొనే మామూలు రకం) చాలునని, మిగిలిన డబ్బుతో మంచి హింజెస్ కొనుక్కోమని అన్నారు. మూడో ఆయన అసలు ప్లైవుడ్ మానేసి డబ్ల్యు.పి.సి. (చెక్క పొడి, ప్లాస్టిక్ కలిపి చేసిన) బోర్డు వేసుకోమన్నారు. మూడు చోట్లా చూపించిన ప్లైవుడ్ షీట్లు నా కంటికి ఒకే తీరుగా కనిపించాయి: అదే ఎర్రటి పైపొర, అదే నునుపు, అంచు మీద అవే ముద్రలు. ధరలో మాత్రం చాలా తేడా ఉంది.

2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ నీళ్లు ఊళ్లోకి వచ్చినప్పుడు మేము పాత ఊళ్లో అద్దెకు ఉండేవాళ్లం. నీళ్లు తీశాక తలుపు తెరిచి చూస్తే, అంతకు మూడేళ్ల ముందు చేయించుకున్న ప్లైవుడ్ బీరువా తలుపులు నానిన పుస్తకంలా పొరలు పొరలుగా విచ్చుకొని ఉన్నాయి. మా నాయనమ్మ టేకు పెట్టెను మాత్రం కడిగి నీడన ఆరబెట్టుకున్నాము, ఇప్పటికీ వాడుతున్నాము. అప్పటి నుంచి ప్లైవుడ్ అంటే నాకు మనసులో ఒక బెరుకు ఉంది. పని తెలిసినవారు దయచేసి చెప్పండి.

సైటు ఇంజనీరు (కర్నూలు)

షీటు మీద వేసిన సంఖ్య ఏమి చెబుతుందో, ఏమి చెప్పదో ముందు తేల్చుకుంటే సగం అయోమయం పోతుంది.

సాధారణ వాడకానికి చేసే ప్లైవుడ్‌కు భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 303. అందులో ఎం.ఆర్. (తేమను ఓర్చుకొనేది), బి.డబ్ల్యు.ఆర్. (మరిగే నీటిని ఓర్చుకొనేది) అని రెండు తరగతులు ఉన్నాయి. మెరైన్ ప్లైవుడ్‌కు వేరుగా ఐ.ఎస్. 710 ఉంది. వీటిని పరీక్షించే తీరులోనే తేడా అంతా తెలుస్తుంది. ఎం.ఆర్. ముక్కను 60 డిగ్రీల వేడి నీటిలో 3 గంటలు ఉంచుతారు. బి.డబ్ల్యు.ఆర్. ముక్కను మరుగుతున్న నీటిలో 8 గంటలు, మెరైన్ ముక్కను అదే మరిగే నీటిలో 72 గంటలు ఉంచుతారు. బయటికి తీశాక పొరల మధ్య కత్తి దూర్చి విడదీయచూస్తారు. జిగురు పట్టు వదిలి పొర శుభ్రంగా ఊడివస్తే ఆ షీటు ఓడినట్టు, జిగురు నిలిచి చెక్క నారే చిరిగితే నెగ్గినట్టు.

కాబట్టి 303లోని రెండు తరగతుల మధ్య తేడా ముఖ్యంగా జిగురుది. ఎం.ఆర్.లో సాధారణంగా యూరియా ఫార్మాల్డిహైడ్, బి.డబ్ల్యు.ఆర్.లో మెలమైన్ కలిపినదో ఫినాల్‌దో, మెరైన్‌లో ఫినాల్ ఫార్మాల్డిహైడ్ జిగురు వాడతారు. 710 మాత్రం కలప జాతి మీద, దానికి మందు పట్టించడం మీద కూడా కట్టడి పెడుతుంది. మీ పాత బీరువా ఎం.ఆర్. అయి ఉంటుందని నా అంచనా. ఆ జిగురు గాలిలోని తేమను ఓర్చుకోగలదు గానీ రోజుల తరబడి నీళ్లలో మునిగి ఉండడాన్ని ఓర్చుకోలేదు.

ముద్ర అసలుదో కాదో ఇంటి దగ్గరే చూసుకోవచ్చు. ఐ.ఎస్.ఐ. గుర్తుకు పైన ప్రమాణ సంఖ్య, కింద సి.ఎం./ఎల్. అని మొదలయ్యే లైసెన్సు సంఖ్య ఉంటాయి. ఫోనులో భారతీయ ప్రమాణాల సంస్థ వారి బి.ఐ.ఎస్. కేర్ యాప్ వేసుకొని ఆ సంఖ్య కొడితే లైసెన్సు ఎవరి పేరున, ఏ ప్రమాణానికి ఇచ్చారో, ఇప్పుడు చెల్లుబాటులో ఉందో లేదో వస్తుంది. 303కు లైసెన్సు తీసుకొని షీటు మీద 710 అని ముద్ర వేసినదాన్ని నేను మా సైటులోనే వెనక్కి పంపాను.

ఉలి చప్పుడు (ఆదోని)

అయ్యా, నేను ఇరవై ఆరేళ్లుగా వడ్రంగం పనిలోనే ఉన్నాను, మా నాయన దగ్గర చిత్రిక పట్టడం నేర్చుకున్నాను. ఇంజనీరు గారు చెప్పిన ప్రతి మాటా నిజమే. నేను చెప్పదలచింది షీటు లోపలి సంగతి.

జిగురు ఎంత గట్టిదైనా, లోపలి పొరలు అతికించేటప్పుడు రెండు ముక్కల మధ్య సందు వదిలేస్తే ఆ సందులో జిగురూ ఉండదు, చెక్కా ఉండదు. పోయిన వేసవిలో ఒక ఇంట్లో అల్మారా తలుపుకు హింజ్ బిగిస్తున్నాను. మొదటి మూడు స్క్రూలు గట్టిగా కూర్చున్నాయి, నాలుగోది మాత్రం ఎంత తిప్పినా తిరుగుతూనే ఉంది. తీసి చూస్తే రంధ్రంలోంచి పొడి కూడా రాలలేదు. ఆ గీత మీదే రంపం పెట్టి కోయించాను. పైపొర కింద రెండో పొరకూ నాలుగో పొరకూ మధ్య నా చిటికెన వేలు గోరు దూరేంత ఖాళీ, నాలుగంగుళాల పొడవున సొరంగంలా కనిపించింది. ఆ షీటు మీద ముద్ర ఉంది, బిల్లూ ఉంది. అయినా ఆ చోట స్క్రూ నిలవదు, రేపు చెమ్మ గానీ పురుగు గానీ చేరితే ముందుగా చేరేది అక్కడికే.

అందుకని షీటు కొనేటప్పుడు పైభాగాన్ని కాదు, అంచును చూడండి. నాలుగు అంచులూ వెలుతురులో పెట్టి నల్లని సందులు ఉన్నాయా, ఒక పొర మీదికి మరొకటి ఎక్కి ఉబ్బెత్తుగా ఉందా చూడండి. అంచుకు రంగు పూసి ఉంటే ఒక మూల కొంచెం గీకి చూపించమని అడగండి. తరువాత షీటును రెండు చెక్కల మీద పరిచి, వేలి ఎముకతో ఈ చివర నుంచి ఆ చివర దాకా తట్టుకుంటూ పోండి. గట్టి మోత ఉన్నట్టుండి డొల్ల మోతగా మారితే లోపల సందు ఉన్నట్టే. ఇది చూడడానికి ఐదు నిమిషాలు పడుతుంది. ఆ ఐదు నిమిషాలు ఇవ్వని దుకాణంలో నేను సరుకు తీసుకోను.

అనంత మెట్ట (అనంతపురం)

ఎర్ర పైపొర గురించి ఒక మాట. మా మామగారి కలప డిపోలో కొన్నాళ్లు లెక్కలు రాశాను కాబట్టి తెలుసు. ఒకప్పుడు ఆ ఎరుపు బర్మా గర్జన్ చెక్కది. 2014 ఏప్రిల్ 1 నుంచి మయన్మార్ ముడి దుంగల ఎగుమతిని ఆపేసింది. ఆ తరువాత మార్కెట్లో ఆఫ్రికాలోని గబాన్ నుంచి వచ్చే ఒకూమే పైపొరలు ఎక్కువయ్యాయి. ఆ చెక్క లేత గులాబి రంగులో ఉంటుంది, గిరాకీ కోసం దానికి ఎర్ర రంగు పట్టిస్తారు. తడి గుడ్డతో గట్టిగా రుద్దితే కొన్నిసార్లు గుడ్డకే అంటుకుంటుంది. ఒకూమే చెడ్డ చెక్క అనడం లేదు, ఎరుపును చూసి మోసపోవద్దంటున్నాను.

అసలు బరువు లోపలి పొరలది. హర్యానాలోని యమునానగర్ వైపు నుంచి వచ్చే సరుకులో పాప్లర్, నీలగిరి ఎక్కువ. కేరళలోని పెరుంబావూరు సరుకులో రబ్బరు చెక్క ఎక్కువ. పాప్లర్ తేలిక, మెత్తన. నీలగిరి బరువు, గట్టిదనం ఎక్కువ. ఎనిమిది అడుగులకు నాలుగు అడుగుల 18 మిల్లీమీటర్ల షీటు తేలిక చెక్కదైతే 30 కిలోల దగ్గర, గట్టి చెక్కదైతే 40 కిలోల దగ్గర తూగుతుంది. ఒకే మందం, ఒకే ముద్ర ఉన్న రెండు షీట్లను ఒక కొస పట్టి లేపి చూడండి, తేడా చేతికే తెలుస్తుంది.

అయితే మెరైన్ తప్ప మరొకటి వద్దన్న ఆ మొదటి దుకాణదారుతో నాకు కొంచెం పేచీ ఉంది. మాది ఎండిపోయిన నేల. ఏడాదిలో ఎక్కువ నెలలు గాలిలో తేమే ఉండదు. మా ఇంట్లో పడకగది అల్మారాలు పదమూడేళ్ల క్రితం ఎం.ఆర్.తోనే చేయించాము, ఒక్క పొర లేవలేదు. ప్రతి గదికీ మెరైన్ అని చెప్పి మధ్యతరగతి మనిషి చేత అనవసరంగా ఖర్చు పెట్టించడం న్యాయం కాదు.

బుగ్గవంక (కడప)

అనంత మెట్ట గారూ, మీ ఇంటి గోడ పొడిగా ఉంది కాబట్టి ఆ మాట నిలిచింది. మా ఇంట్లో పడకగది అల్మారా వెనుక గోడకు అవతల స్నానాల గది ఉంది. పైపు జాయింటు ఎక్కడో సన్నగా కారుతోందని మాకు రెండేళ్ల దాకా తెలియలేదు. అల్మారా వెనుక పెట్టిన 6 మిల్లీమీటర్ల ఎం.ఆర్. పలక ఉబ్బి, బూజు పట్టి, పట్టుచీరలకు ముక్కిన వాసన వచ్చాక తెలిసింది. తీసి చూస్తే గోడ పొడవునా చెదల మట్టిగీతలు. అమ్మ పెళ్లినాటి చీర ఒకటి పనికిరాకుండా పోయింది. ఊరి వాతావరణం కన్నా ఆ గోడకు అవతల ఏముందో చూసుకోవడం ముఖ్యం.

వంటగదికి మాత్రం మా ప్రాంతపు పాత పద్ధతిని గుర్తు చేస్తాను. గట్టు కింద నిలువు అడ్డాలు, అరలు అన్నీ కడప బండతో కట్టించి, ముందు భాగంలో చెక్క చట్రం పెట్టి, దానికి తలుపులు బిగించేవారు. నీళ్లు కారినా, సిలిండరు దొర్లినా బండకు ఏమీ కాదు, చెదలకు తినడానికి ఏమీ దొరకదు. బండకు స్క్రూ పట్టదు కాబట్టి ఆ చట్రం గట్టి చెక్కది కావాలి. ఇప్పటి డ్రాయర్ పట్టాలు, బుట్టలు కావాలంటే బండ గడుల కొలత సరిగ్గా రావడం కష్టమే. కానీ సింకు కింది గడి ఒక్కటైనా బండతో కట్టించుకోండి.

హంద్రీ గట్టు (కర్నూలు)

ఇంత వివరంగా రాసినందుకు ఎలా ధన్యవాదాలు చెప్పాలో తెలియడం లేదు. బండ ఆలోచన మా ఆవిడకు బాగా నచ్చింది, బండలకు పేరున్న బేతంచెర్ల మనకు దగ్గరే కదా అంటోంది. రెండు సందేహాలు మిగిలాయి. డబ్ల్యు.పి.సి. గురించి ఎవరూ చెప్పలేదు. ఇంకొకటి అడగడానికి కొంచెం మొహమాటంగా ఉంది: మా మేస్త్రీ ఒకే దుకాణం పేరు పదేపదే చెబుతున్నారు. దుకాణాలు మేస్త్రీలకు కమీషను ఇస్తాయని విన్నాను. ఆయన మంచి పనివాడు, నొప్పించడం నాకు ఇష్టం లేదు.

ఉలి చప్పుడు (ఆదోని)

అడిగారు కాబట్టి దాచకుండా చెబుతాను. కమీషను ఉంది. అందరూ తీసుకుంటారని కాదు, ఇచ్చే దుకాణాలు ఉన్నాయి. నేనూ తొలి రోజుల్లో తీసుకున్నాను. ఒక ఇంట్లో నేను చెప్పిన దుకాణం సరుకే రెండేళ్లకు పొర లేచింది, ఆ ఇంటి పెద్దాయన నన్ను ఒక్క మాట అనకుండా ఇంకొక వడ్రంగిని పిలిపించుకున్నారు. ఆ రోజు నుంచి మానేశాను. మీ మేస్త్రీని తప్పు పట్టకండి. కూలి ఖాయంగా మాట్లాడుకోండి, సరుకు మేమే తెచ్చుకుంటాము, మీరు వచ్చి అంచులు చూసి పెట్టండి అని ఆయన్నే వెంట తీసుకువెళ్లి, ఆ పూట కూలి కూడా ఇవ్వండి. గౌరవం ఇచ్చి అడిగితే పని తెలిసినవాడు షీటు గురించి అబద్ధం చెప్పడు.

డబ్ల్యు.పి.సి.కి చెద పట్టదు, నీళ్లకు ఉబ్బదు, ఆ రెండూ నిజమే. స్నానాల గది తలుపుకు నేనే వేస్తాను. కానీ అది బరువుకు వంగుతుంది, స్క్రూ పట్టు తక్కువ, పడమటి ఎండ నేరుగా తగిలే చోట మన వేసవికి మెత్తబడి ఆకారం మారుతుంది. గిన్నెలు పెట్టే పొడవాటి అరకు వద్దు.

ఎవరైనా చెక్క తునకలను జిగురుతో అదిమి చేసిన పార్టికల్ బోర్డు చూపిస్తే, దాని గురించి చెప్పేది ఒకటే: ఒకసారి ఊడిన స్క్రూ అదే రంధ్రంలో మళ్లీ నిలవదు.

పాత పుస్తకం (ప్రొద్దుటూరు)

పుస్తకాల అర అన్నారు కాబట్టి నేను మాట్లాడక తప్పదు. మా ఇంట్లో తాతగారి నాటి గ్రంథాలు, నిఘంటువులు, పాత వారపత్రికల సంపుటాలు రెండు గోడల నిండా ఉన్నాయి. మొదటిసారి నాలుగు అడుగుల పొడవు అరలు 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్‌తో చేయించాను. ఏడాది తిరగకుండా నడుమ భాగం ఉయ్యాలలా వంగింది, నిఘంటువులన్నీ మధ్యకు జారి ఒకదాని మీద ఒకటి ఒరిగాయి.

తరువాత కారణం చదివి తెలుసుకున్నాను. పలక మందం రెట్టింపైతే వంపు ఎనిమిదో వంతుకు తగ్గుతుంది. 12 నుంచి 18కి వెళ్లినా వంపు మూడో వంతు కన్నా తగ్గుతుంది. పొడవు సంగతి ఇంకా గట్టిది: అర నిండా పుస్తకాలు పేర్చినప్పుడు పొడవు రెట్టింపు చేస్తే వంపు పదహారు రెట్లవుతుంది. అందుకని రెండోసారి 18 మిల్లీమీటర్ల షీటు తీసుకొని, రెండున్నర అడుగులకు ఒక నిలువు అడ్డం పెట్టించాను. ఎనిమిదేళ్లయినా గీత గీసినట్టు ఉన్నాయి.

ఇంకొక సంగతి ఉంది. పైపొర నార ఏ దిక్కుకు ఉందో అర పొడవు కూడా ఆ దిక్కుకే ఉండాలి. ప్లైవుడ్‌లో పొరలు ఒకదానికొకటి అడ్డంగా వేస్తారు గానీ, పైనా కిందా ఉన్న చివరి పొరల దిక్కులోనే బలం ఎక్కువ. షీటు మిగుల్చుకోవడానికి పనివారు ముక్కను అడ్డంగా కోస్తే అర వంగుతుంది. కోసే ముందు పక్కన నిలబడి ఈ ఒక్క మాట చెప్పండి.

సైటు ఇంజనీరు (కర్నూలు)

ఏడడుగుల అల్మారా తలుపుల గురించి. అంత పొడవు తలుపులకు మామూలు ప్లైవుడ్ మెలి తిరిగే అవకాశం ఉంది కాబట్టి చాలామంది బ్లాక్ బోర్డు వాడతారు. లోపల సన్నని చెక్క పట్టీలు పక్కపక్కన పేర్చి, పైనా కిందా పొరలు అతికిస్తారు. దాని ప్రమాణం ఐ.ఎస్. 1659. పొడవునా నిటారుగా ఉంటుంది, బరువూ తక్కువ. పట్టీల మధ్య సందుల విషయంలో మాత్రం ఆదోని అన్నగారు చెప్పిన తట్టి చూసే పరీక్ష దీనికి రెట్టింపు అవసరం.

తలుపుకు బయట సన్‌మైకా అతికించి లోపలి వైపు వట్టిగా వదిలేయకండి, లేదా రంగుతో సరిపెట్టకండి. రెండు వైపులా పొర ఉండాలి. బయట 1 మిల్లీమీటరుది వేస్తే లోపల అంతకన్నా పలుచటి లైనరైనా వేయాలి. ఒక వైపే వేస్తే వట్టి వైపు తేమ పీల్చి వదులుతూ ఉంటుంది, రెండో వైపు కదలదు. మన ఏప్రిల్, మే నెలల్లో గాలి ఎండినప్పుడు ఆ తలుపు విల్లులా వంగి, మూయబోతే పై మూల బయటికి పొడుచుకొని నిలుస్తుంది. ఈ తప్పు షీటుది కాదు, అయినా జనం షీటునే తిడతారు.

తెచ్చిన షీట్లను గోడకు ఆనించి నిలబెట్టవద్దు. నేల మీద మూడు నాలుగు చెక్క దిమ్మెలు సమానంగా పెట్టి వాటి మీద పడుకోబెట్టండి. పని మొదలుపెట్టే ముందు నాలుగైదు రోజులు ఆ గదిలోనే ఉంచితే ఆ గాలికి అలవాటు పడతాయి.

అనంత మెట్ట (అనంతపురం)

బుగ్గవంక గారి మాట చదివాక నా అభిప్రాయాన్ని కొంత మార్చుకుంటున్నాను. పొడి గోడకు ఆనుకున్న పడకగది అల్మారా పెట్టెకు ఎం.ఆర్. చాలునని ఇప్పటికీ అంటాను. స్నానాల గదికి ఆనుకున్న గోడ అయితే బి.డబ్ల్యు.ఆర్. వాడి, వెనుక పలకకూ గోడకూ మధ్య వేలెడు సందు వదలాలి. అమ్మగారి చీర పోయినందుకు బాధగా ఉంది.

అందరికీ చేతిలో ఉన్న పరీక్ష ఒకటి చెబుతాను. దుకాణంలో జానెడు ముక్క అడిగి తెచ్చుకొని, పాత గిన్నెలో నీళ్లు పోసి 8 గంటలు మరిగించండి. నీళ్లు ఇంకకుండా పోస్తూ ఉండాలి, కిటికీలు తెరిచి పెట్టాలి, ఆ గిన్నెను మళ్లీ వంటకు వాడకూడదు. ఇది ప్రయోగశాల పరీక్షకు సమానం కాదు గానీ, బి.డబ్ల్యు.ఆర్. అని అమ్మిన ముక్క రెండు గంటలకే విచ్చుకుంటే ఆ దుకాణం సంగతి తేలిపోతుంది.

హంద్రీ గట్టు (కర్నూలు)

పదిహేను రోజుల తరువాత రాస్తున్నాను. మేస్త్రీని వెంటబెట్టుకొని వెళ్లాను. ఆయన సంతోషంగా వచ్చారు, ఏడు షీట్లు తట్టి రెండింటిని పక్కన పెట్టించారు. ఆ రెండింట్లో ఒకదాని మోత నాకూ స్పష్టంగా తేడాగా వినిపించింది. నాలుగు దుకాణాల నుంచి తెచ్చిన ముక్కలు మరిగించాము. ఒకటి మూడో గంటకే మూల దగ్గర నోరు తెరిచింది. అన్నిటికన్నా ఎర్రగా ఉన్నది అదే.

చివరికి వంటగదిలో సింకు గడి, సిలిండరు గడి బేతంచెర్ల బండతో కట్టించాము. మిగిలిన వంటగది పెట్టెలకు, స్నానాల గది గోడ వైపు అల్మారాకు 18 మిల్లీమీటర్ల బి.డబ్ల్యు.ఆర్., రెండో పడకగది పెట్టెకు ఎం.ఆర్., పొడవాటి తలుపులన్నిటికీ బ్లాక్ బోర్డు, పుస్తకాల అరకు రెండున్నర అడుగుల గడులు. మెరైన్ ఒకే ఒక్క షీటు తీసుకున్నాము, సింకు ముందు తలుపులకు, దాని పక్కన గిన్నెలు ఆరబెట్టే అరకు. అన్నిటికీ పక్కా బిల్లు మీద ప్రమాణ సంఖ్య, తరగతి రాయించుకున్నాను.

ఒకే ప్రశ్న మిగిలింది. గిన్నెల అర వెనుక పైపు పోవడానికి మెరైన్ షీటుకు రంధ్రం కోశారు. కోసిన లోపలి అంచు వట్టిగా ఉంది. అది మెరైన్ కదా, అలాగే వదిలేయవచ్చా?

ఉలి చప్పుడు (ఆదోని)

వదలకండి. మరిగే నీళ్లలో జిగురు నిలుస్తుంది, కానీ కోసిన చోట చెక్క నార నోరు తెరుచుకొని నీళ్లు తాగుతుంది. ముందు రంధ్రం అంచును ఉప్పుకాగితంతో నునుపు చేయించండి. తరువాత వుడ్ ప్రైమర్ రెండు పూతలు, ఒకటి ఆరాక ఇంకొకటి, నార తాగినంత పట్టించండి. పైపు పెట్టాక చుట్టూ సిలికాన్ వేసి వేలితో అదమండి. కింది అంచుకూ, నేల వైపున్న ప్రతి కోతకూ ఇదే చేయించండి. పెట్టెలను నాలుగంగుళాల ప్లాస్టిక్ కాళ్ల మీద నిలబెట్టమని మేస్త్రీకి చెప్పండి, నేల కడిగినప్పుడు నీళ్లు చెక్కకు తగలవు, చెద పైకి ఎక్కినా మట్టిగీత కంటికి కనిపిస్తుంది.